ఎవరి నుంచి

గడ్డం గీసుకుంటూ ఆగిపోయావు.
దవడ కింద రేగుపండంత గడ్డ, నొప్పి లేదు.
"జలుబేలే" అని బ్లేడు కడిగి
ఆరున్నర పడవకి తాళ్లు విప్పడానికి వెళ్లిపోయావు.

స్ట్రామ్‌నెస్ రేవులో ముప్పై ఏళ్లు
గాలికి ఎదురు అరిచిన గొంతు నీది.
సిగరెట్టు ముట్టలేదు. విస్కీ పెళ్లిళ్లకే.

అబర్డీన్‌లో డాక్టరమ్మ, చెవులకి వెండి చేపలు,
టాన్సిల్‌లో నక్కినదాని పేరు చెప్పింది. మూడక్షరాలు.
అది చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుందట,
చాలామందిలోంచి చెప్పకుండానే పోతుందట.
ఏ కొందరిలోనో
అద్దె కట్టకుండా, చప్పుడు చెయ్యకుండా
ఇరవై ముప్పై ఏళ్ల కాపురం.
"ఎలా వచ్చింది?" అన్నావు.
"ఒంటికీ నోటికీ మధ్య దూరం లేని చోట,"
అంది ఆవిడ, కాగితాల వైపు చూస్తూ.

నా గొంతులో పచ్చి వెలక్కాయ.

తిరుగు పడవలో రాత్రంతా లెక్కలు వేశాం,
ఎవరి లెక్క వాళ్లం, పైకి అనకుండా.
నీకు కిర్క్‌వాల్ బేకరీ పిల్ల.
నాకు, నీకెన్నడూ చెప్పని
ఫారో దీవుల జాలరి, ఒక్క వేసవి.
ఎవరి నుంచి? నా నుంచేనా?
తెలుసుకునే దారి లేదు, తెలిసినా పనికిరాదు
అని ఆవిడ ముందే చెప్పింది.
పనికిరానివే కదా నిద్ర పోనివ్వనివి.

తెల్లవారుజామున చెప్పేశాను.
చాలాసేపు నీళ్లకేసి చూసి
"వాడికి నాకన్నా ఎక్కువ చేపలు పడేవా?" అన్నావు.
ఎర్లెండ్, ఆ నవ్వుకి నీ గొంతు ఎంత నొప్పెట్టి ఉంటుంది!

ముప్పై అయిదు సార్లు
నీ ముఖం అచ్చు దించిన వలముసుగుని బల్లకి బిగించి
కిరణాలు పెట్టారు.
తేనెలో ఇనుము రుచి. రొట్టె అట్టముక్క.
నోట్లో ఉమ్ము ఊరడం కూడా
భాగ్యాల్లో ఒకటని ఎవరూ నేర్పలేదు మనకి.

ఆ ముసుగుని పీతల బుట్టల మధ్య పడేశావు.
బొచ్చుకాళ్ల కోడి దాన్లో గుడ్లు పెడుతోంది,
సరిగ్గా నీ నోరుండే చోట.

నిన్న మెర్రన్ వచ్చింది, స్వేన్‌ని వెంటబెట్టుకుని.
బడి నుంచి టీకా కాగితం, సంతకం పెట్టాలి.
"మగపిల్లలకి కూడానా?" అన్నాడు వాడు.
"మగపిల్లలకి కూడా" అన్నావు,
ఇసుక మీద తెడ్డు లాగినట్టున్న గొంతుతో.
"మరి నీకెందుకు వెయ్యలేదు?"
"అప్పటికి లేదురా."
అది సంతకం చేస్తుంటే నువ్వు చెంచా ముంచి,
మింగి, కాసేపాగి,
నా వైపు తిరిగి మొహం చిట్లించావు:
"థోరా, సూపులో ఉప్పెక్కువైంది."

ఎనిమిది నెలల్లో మొదటిసారి.