ఆరోది దాటెయ్

లంకమల ఎగువకు తిరిగే మలుపులో
బొటనవేలితో నొక్కినా.
లివర్ ఊరికే పోయి ఊరికే వచ్చింది,
పండ్లు రాలిన నోట్లో నాలుక మాదిరి.
గొలుసు చిన్న పల్లు మీదే కూచుంది
కదలనంటే కదలనని.

దిగి తోసుకుంటా పోయినా.
ముందర దుంగలు మోసినోళ్ళ అడుగులు,
ఎనక నా చక్రం గీత.
ఆ పూట వాళ్ళే గెలిచినారు.

శాఖ ఇచ్చిన సైకిల్. గేర్లు ఎనిమిదని
కాగితంలో ఉంది.
నాకు తెలిసిన వైద్యమంతా చేసినా:
కొత్త తీగ వేయించినా, అరవై రూపాయలు, బిల్లు లేదు.
వంకరైన కొక్కేన్ని
ఒంటికన్నుతో చూసి గుంజి నిలబెట్టినా.
తీగ బిగించే బిరడా తిప్పినా
ముందుకు సగం చుట్టు, ఎనక్కి సగం,
రేడియోలో స్టేషన్ వెతికినట్టు.

సిద్ధవటంలో
కోటగోడ నీడ అయిపోయే చోట ఖాసింబీ అంగడి.
బోర్డు మీద ఇంకా ఆమె మామ పేరే.
"ఏం ఓబులేసూ,
దొంగలు దొరికినారా, సైకిలే నీకు దొరికిందా?"

తీగ ముట్టలేదు. ఎనక చక్రం చూడనన్నా చూడలేదు.
"నొక్కు" అనింది. నొక్కినా.
"మళ్ళీ."
తల పక్కకు వంచి వినింది
పసిబిడ్డ దగ్గు వినే నర్సమ్మ మాదిరి.
"టక్కుమనాల గదా. అనల్యా.
రోగం కాళ్ళలో లేదప్పా, చేతిలో ఉండాది."

మూడు మరలు విప్పి నా అరచేతిలో పోసి
"మూసుకో" అనింది.
మూత కింద గ్రీజు,
ముంతలో మరిచిపోయిన పాత చింతపండు ముద్ద.
దాని అడుగున యాడో
గోరంత ఇనుప ముక్క,
లేవాలని ఉండీ లేవలేక.

"ఎన్నాళ్ళు తొక్కకుండా పెట్టినారు?"
"గోడౌన్లో రెండేండ్లక్కా.
రిబ్బన్ కత్తిరించే పెద్దాయనకు తీరిక దొరికేదాకా."
ఆమె నవ్వలేదు. కిరోసిన్ సీసా కుదిపింది.
అడుగున రెండు చుక్కలు.

లివర్ ఊడదీసి
గడప ముందరి నాపరాయి మీద పెట్టింది.
మే నెల. పన్నెండున్నర.
"ఈ ఎండ మనల్ని తినేది తప్ప
మనకు చేసిన పనేముండాది?
ఈ పొద్దు చేయనీ."

కూచున్నాం.
పెన్నలో ఇసుక మెరుస్తా ఉంది,
ఆవలి గట్టు వణుకుతా ఉంది.
ఒక పిల్లోడు వచ్చి గాలి కొట్టుకొని
డబ్బులు రేపిస్తానని పోయినాడు.
నా పిడికిట్లో మరలు చెమటకు తడిసినాయి.

పావుగంటకు గ్రీజుకూ చెమట పట్టింది.
పాత పండ్లబ్రష్షుతో రుద్దింది,
ఉన్న రెండు చుక్కలూ పోసింది,
ఆరినాక కుట్టుమిషన్ నూనె ఒకే బొట్టు.
"ఎక్కువైతే దుమ్ము తాగుతాది."
పుల్లతో ఆ ముక్కను తట్టింది.
లేవలేదు.
ఇంకోసారి తట్టింది.
తల్లికోడి రెక్క కిందనుంచి
పిల్ల తలెత్తినట్టు లేచింది.

టక్.

రెండో పల్లు. టక్. మూడు. నాలుగు. ఐదు.
ఆరో దాని కాడ గొలుసు గరగరలాడింది,
ఇటు దిగనూ లేక, అటు ఎక్కనూ లేక.
ఆమె కూడా బిరడా తిప్పింది
నా మాదిరే, ముందుకు సగం, ఎనక్కి సగం.
నాకు కొంచెం సంతోషమైంది, చెప్పలేదు.
"పల్లు అరిగింది. కొత్తది కావాలంటే
మీ ఆఫీసోళ్ళు రాయాల.
వాళ్ళు రాస్తే అది రాదు.
ఆరోది దాటెయ్."

నలభై ఇస్తే పది తిరిగిచ్చింది.
సగం పని ఎండది అనింది.

పొద్దు గుంకినాక అదే మలుపు.
ఐదులో ఊపిరి ఆడలేదు.
రెండుమార్లు నొక్కినా, వెంటవెంటనే,
గొలుసు ఆరోదాన్ని దాటి ఏడులో పడింది.
టక్, టక్.

ఆ చప్పుడు అంత దూరం పోతాదని
అనుకోలేదు నేను.
పైన, చెట్ల నడుమ యాడో
నడుస్తా ఉన్న అడుగులు
ఆగినాయి.