ఏడో సాలు

మొదటేడు యూరియా మూటలు మూటలుగా పోస్తిమి.
టమాటాకు పోసి పోసి అలవాటైన చెయ్యి,
తగ్గమంటే తగ్గుతుందా.
తీగ పండగ చేసుకునింది.
ఒక్కో ఆకు ఇస్తరాకంత,
పందిరి కింద పట్టపగలే మసకచీకటి.
కత్తెరకు దారి దొరక్క చెంగల్రాయన్న
"ఏంమ్మా, ద్రాక్ష పెట్నారా, గుమ్మడి పెట్నారా" అనె.

కాయ ఉబ్బింది.
నీళ్లు కలిపిన పాల మాదిరి చప్పగా ఉబ్బింది.
కోలారు నించి వచ్చిన వైను కంపెనీ పిల్లోడు
గొట్టం అద్దం మీద ఒక్క చుక్క పిండి
ఎండకెత్తి, ఒంటికన్నుతో చూసి
పదిహేడు, అన్నాడు.
ఇరవై నాలుగు గీత దాకా రావాలంట తీపి.
లారీ ఖాళీగా పలమనేరు రోడ్డెక్కింది.

ఆ రాత్రే కౌండిన్య అడివి దిగి ఏనుగులొచ్చినాయి.
వాటికి పదిహేడు చాలు.

రెండోయేడు పూత టయానికి
గుత్తికి ఎదురుగా ఉండే ఆకుల కాడలు
(ఆకులు కాదు, కాడలే)
నూరు తుంచి కాగితం సంచిలో వేసుకుని
తిరపతి బస్సెక్కినా.
"మోకాళ్ల నొప్పికా తల్లీ?" అన్నాడు పక్కసీటాయన.
"రక్తపరీక్షకన్నా. మా తీగకి."

ల్యాబులో యామిని నిండు చూలాలు.
కాగితం నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించింది:
నత్రజని పొంగిపోతా ఉంది,
పొటాష్ తక్కువ, బోరాన్ లేనట్టే.
అందుకేనంట ఒకే గుత్తిలో
గోలీలూ ఆవాలూ కలిసి కాసింది.
"పొటాష్ చెప్పినాను గదా అని కుమ్మరించొద్దక్కా,
రసంలో పులుపు చచ్చిపోతుంది."
చెప్తానే తన ఐరన్ మాత్ర మింగి
ముఖం చిట్లించింది.
చింతపండు లేంది ముద్ద దిగని మనిషిని,
పులుపు చావడమంటే ఏందో నాకు తెలుసు.

యూరియా మానేసినా.
పొద్దుటెండ పడే పక్క ఆకు తీసి,
మాపటెండ పక్క ఉంచినా, తోలు కమలకుండా.
అదంతా చేతనైన పనే.

చేతకానిది ఒకటుంది.
కాయ రంగు తిరిగినాక నీళ్లు సగానికి కొయ్యాల.
తీగకు దప్పిక తెలియాల,
అప్పుడే కాయ చిన్నదై, తోలు మందమై,
లోపల్లోపల చిక్కబడుతుందంట.
ఎనిమిది వందల అడుగులు తవ్వి,
మెళ్లో గొలుసు బ్యాంకులో పెట్టి,
మూడో బోరులో కండ్లజూసిన నీళ్లు.
లేక ఎండబెట్టడం మా తాతలనాటి నించీ తెలుసు.
ఉండి ఎండబెట్టడం
ఈ చేతికి ఎవురు నేర్పినారు?

పదిరోజులు ఓర్చుకున్నా.
పదకొండో రాత్రి టార్చి లేకుండా పోయి
ఏడో సాలు వాల్వు ఒక్కటి తిప్పినా.
అరగంట.
చీకట్లో డ్రిప్పు చుక్కలు పడే చప్పుడు వింటా
గట్టు మీద కూచున్నా.
మర్నాడు రాత్రీ.
ఆ మర్నాడూ.

కోతకు ముందర పిల్లోడు మళ్లీ వచ్చినాడు.
ఇరవై నాలుగు. ఇరవై నాలుగు. ఇరవై నాలుగున్నర.
ఏడో సాలు కాడ ఆగి, అద్దం తుడుచుకుని మళ్లీ చూసినాడు.
"ఇక్కడెందుకు పందొమ్మిది, అమ్మా?"
"ఆడ నేల వేరే నాయనా" అన్నా.
చెంగల్రాయన్న నా ముఖం చూసి
కత్తెరకు నూనె పెట్టుకుంటా ఉండిపోయె.

లారీ నిండి పోయింది, ఆ సాలు తప్ప.
దాన్ని గంపల్లో ఇంటికి తెచ్చుకుంటిమి.
పిల్లోళ్లు గింజలు ఊస్తా తిన్నారు,
బాగుండాయన్నారు.