చేబదులు

గ్రిమ్స్‌బీ చేపల మార్కెట్లో
తెల్లవారుజాము మూడు.
ఐసు గది పక్కన, చీపుళ్లు పెట్టుకునే అరలో
నాలుగు స్విచ్చులు ఒకదానిమీద ఒకటి పేర్చాను,
టిఫిన్ క్యారియర్ గిన్నెల్లా.

ముందు నుంచి చూస్తే అన్నీ దీపాలే.
అసలు పని వెనక, మోకాళ్ల మీద.
ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి,
మూడు నుంచి నాలుగుకి,
నాలుగు నుంచి మళ్లీ ఒకటికి.
ఆ చివరి కేబుల్ మర్చిపోతే
అది దండ కాదు, వట్టి దారం.
కరెంటు పంచుకునే తీగలది వేరే చుట్టు,
మూతి రంగు చూసి గుచ్చాలి.
వేళ్లు చలికి కొయ్యబారి
రెండుసార్లు తప్పు గుచ్చాను.

మీలో పెద్దెవరో తేల్చుకోండి అన్నాను.
ఎక్కువ అంకె ఎవరిదైతే వాళ్లే.
రెండోదానికి పదిహేను రాసి ఉంచాను లెండి,
ఊరేగింపు లేదు, ఓటుకి నోటు లేదు,
రిగ్గింగు మాత్రం ఉంది.
మూడోది మొరాయించింది.
దాని సాఫ్ట్‌వేర్ నిరుటిది,
మిగతావాటి మాట దానికి ఎక్కలేదు.
అరగంట కూచోబెట్టి అదే పాఠం చెప్పించాను.

ఇక మిగిలింది ఒక్క ప్రశ్న:
కరెంటు చాలకపోతే ముందు ఎవర్ని ఆర్పాలి?

డాట్ హెబల్‌వైట్‌ని అడిగాను,
ముప్పై ఏళ్లుగా ఇక్కడ వేలం లెక్కలు రాసే మనిషి.
రబ్బరు బూట్లతో గుమ్మంలోనే నిలబడి చెప్పింది:
"మేనేజరు గదిలో ఫోను.
తర్వాత క్యాంటీన్ కెమెరా.
తర్వాత గేటుది, ఈ చలికి దొంగలు కూడా రారు.
వేలం గడియారం ఆఖర్న.
ఐసు గది థర్మామీటరు..."
ఆగింది.
"అది ఆఖరుకి కూడా ఆఖర్న."

కోతల వేళలు పేపర్లో చూసుకుని
పిండి రుబ్బుకున్న ఇంట్లో పుట్టాను.
ఏ వీధి ముందు ఆరాలో
ఎక్కడో కూచుని రాసేవాడెవడా అని
చీకట్లో తిట్టుకునేదాన్ని.
ఇదిగో, రాస్తున్నాను.
ఒక్కో పోర్టు దగ్గరా చెయ్యి ఆగింది.

పరీక్షకని
నాలుగోదాని పవర్ సప్లై పీకేశాను.
గదిలో మోత ఒక్క పిసరు తగ్గింది.
ఒక దీపం ఆకుపచ్చ నుంచి నారింజకి తిరిగింది.
అంతే.
పై మూడూ తలా కాస్త కిందికి వంపాయి,
పిట్టగోడ మీంచి గ్లాసుడు పంచదార అందించినట్టు.
పద్దు రాయలేదు. ఎప్పుడిస్తావని అడగలేదు.
పాతికేళ్ల నాటి ఒక చేబదులు
నేనింకా తీర్చనిది
ఎందుకో గుర్తొచ్చింది.

లెక్కకి కొంచెం తక్కువే పడింది కాబోలు,
మేనేజరు ఫోను చచ్చిపోయింది.
డాట్ నవ్వు దాచుకోలేదు.

పీకినదాన్ని వెంటనే తిరిగి పెట్టాలి.
పెట్టలేదు.
ఒళ్లో పెట్టుకుని, ఇంకా వెచ్చగానే ఉంది,
ఇంకో నిమిషం చూస్తూ కూచున్నాను.
గోడ అవతల మొదటి పెట్టె హాడక్‌కి
గడియారం తిరగడం మొదలైంది.