లోపలి కుట్టు

గ్లాస్గోలో ఆ చలికాలం
పొగమంచుకి బొగ్గు వాసన.
ట్రాంగేట్ వీధిలో ఎదురెదురుగా రెండు నాటకశాలలు,
రెండు గోడల మీద రెండు పోస్టర్లు
ఒకదాన్నొకటి గుడ్లురిమి చూసుకునేవి.

మంగళవారం జుల్ఫికర్ పాషాకి కుట్టేదాన్ని,
గురువారం ప్రొఫెసర్ లౌడన్‌కి.
పాషా పుట్టింది కైరోలో కాదు, పెయిస్లీలో,
శాలువాలు నేసే టెనెంట్‌కి మూడో కొడుకు.
కాలర్లకి అంటిన అతని గడ్డం రంగు
ఉతికి ఉతికి నా గోళ్ళు నల్లబడేవి.
ప్రొఫెసర్ ఏ కాలేజీ గడపా తొక్కలేదు,
మందుల కొట్లో సీసాలు కడిగినవాడు.

జనం వాళ్ళ చేతుల్ని చూస్తారు.
నాకు తెలిసినవి చంకలు.
ఏ చంక కింద పావురం కాళ్ళు ముడుచుకుంటుందో,
దాని గుండె కొట్టుకోడానికి
ఎన్ని అంగుళాల వదులు కావాలో.
కనికట్టు అంటారు.
కన్ను కట్టింది వాళ్ళే కావచ్చు,
కుట్టు మాత్రం నాది.

ఫిబ్రవరిలో ఒక రాత్రి ప్రొఫెసర్ వచ్చాడు,
టోపీ తియ్యకుండా.
కుట్టుమిషను మీద రెండు బంగారు సవరన్లు పెట్టి,
"పాషా మంట పట్టే అంగరఖా ఉందే,
దాని చేతి అస్తరు పటిక నీళ్ళలో ముంచకు.
అంతే. ఒక్కసారి మరిచిపో."
మరిచిపోడానికి అంత డబ్బిస్తారని
నాకప్పటిదాకా తెలీదు.

మూడోనాడు పాషా.
మూడు సవరన్లు. (వాడెప్పుడూ ఒకటెక్కువే.)
"లౌడన్ గాల్లోకి లేచే ఆ నడుంపట్టీ,
ఇనప కొక్కెం దగ్గర చివికిన దారం వాడు."

కుట్టుకీ కుట్రకీ ఎడం
సూదిమొనంత.
ఇద్దరికీ తలూపాను, ఇద్దరి డబ్బూ తీసుకున్నాను.
ఆ రాత్రి అస్తరు పటిక నీళ్ళలో రెండుసార్లు ముంచాను.
పట్టీకి మైనం రాసిన దారంతో జంటకుట్టు వేశాను,
ఓడ తెరచాపకి వేసేంత గట్టిగా.
ఎందుకని అడక్కు. దయ అనుకోకు.
యూఫీమియా క్రోల్ కుట్టు విడిపోయిందని
ఎవరూ అనకూడదు, అంతే.

శనివారం.
నాలుగో వరసలో ప్రొఫెసర్, అరువు టోపీలో.
పాషా చెయ్యి చాచాడు. మోచేతి దాకా నీలిమంట.
ఆ వెలుగులో తెల్లబోయింది
పాషా ముఖం కాదు.
సోమవారం ఎదుటి నాటకశాల గ్యాలరీలో
స్తంభం చాటున పాషా.
లౌడన్ లేచాడు, గ్యాసుదీపాల కన్నా పైకి,
పడలేదు.
జనం చప్పట్లు కొడుతుంటే
ఇద్దరు గారడీవాళ్ళు, జన్మలో మొదటిసారి,
నమ్మారు.

పాషా తెల్లారకముందే బెల్‌ఫాస్ట్ పడవెక్కాడు,
అద్దె బాకీనీ రెండు పావురాల్నీ వదిలేసి.
లౌడన్ కూడా ఎటైనా పోయుంటే
ఈ కథ నవ్వుతూ చెప్పేదాన్ని.
వాడికి సాధ్యమైంది నాకెందుకు కాదనుకున్నాడు.
గది తలుపేసుకున్నాడు,
మామూలు నారబట్ట చేతికి చుట్టుకున్నాడు,
అగ్గిపుల్ల గీశాడు.
ఇంటావిడ తలుపు బద్దలు కొట్టించేసరికి
కర్టెన్లు కూడా లేవు.

ఒక్క మాట చాలేది.
"ముంచాను, రెండుసార్లు ముంచాను."
నా నోటికి వేసుకున్న కుట్టూ గట్టిదే.

ఏప్రిల్లో వచ్చాడు. ఈసారి టోపీ తీశాడు.
కుడిచేతికి తొడుగు కావాలన్నాడు, నల్ల మేకతోలుది.
కొలత తీశాను.
మూడు వేళ్ళకి వేళ్ళున్నాయి.
మిగతా రెంటిలో దూది కూరాను,
ఉంగరంవేలు కాస్త వంచి, నిజంలా.
తొడుక్కుని వెలుతురుకి తిప్పి చూసుకున్నాడు.
"నీ పనికి వంక పెట్టలేం, ఈఫీ" అన్నాడు,
కావలసినదాని కన్నా ఒక్క క్షణం ఎక్కువసేపు
నా కళ్ళలోకి చూస్తూ.
ఎడమచేత్తో నా చెవి వెనక నుంచి ఒక పెన్నీ తీసి
బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

అయిదు సవరన్లూ ఈ లంగా అంచులోనే ఉన్నాయి,
నడిస్తే చీలమండలకి తగులుతాయి.
ఆ పెన్నీయే,
ఎక్కడ పెట్టానో
ఎంత వెతికినా కనబడదు.