మోకాలెత్తు అల

పుబ్బ కార్తె సగం దాటినంక
గంగ కొంచెం తగ్గి, వాగు ఇంకా తగ్గనప్పుడు
రెండూ కలిసేకాడ, నల్లబండ మీద
ఒక అల లేస్తది.
మోకాలెత్తు. అంతే.
ఎవరినీ ముంచదు. ఎవరినీ పిలువది.

చెన్నూరు దిక్కు, పత్తి చేన్లు దాటి
బురదల బండి ఆపి నడిస్తే వస్తది.
దాన్ని మొదలు నాకు జూపింది ఓదెలు మామ.
తెప్పను పక్కకు నూకుతదని
ముప్పై ఏండ్లు దాన్ని తిట్టుకున్నడట.
ఎల్‌టీసీ మీద వైజాగ్ పోయినప్పుడు
పోరగాండ్లు చెక్కల మీద నిలవడి
సముద్రాన్ని తొక్కుకుంట వచ్చిన ముచ్చట జెప్తే
చాలాసేపు ఆరిపోయిన బీడీ నమిలి
"అలనా? మనకాడ ఒకటుంది" అన్నడు,
అటక మీద పాత గంపేదో ఉన్నట్టు.

చెక్క తనే చెక్కిండు, బూరుగుది.
"టేకు వద్దు బిడ్డా, దానికి అహంకారమెక్కువ."
దాని వీపుకు నేను కొవ్వొత్తి రుద్దిన,
కాలు జారకుంట.
ల్యాంపు రూముల మూలకు వడేసిన బెల్టు ఒకటి
ఎన్ని నడుములకు చుట్టుకొని
ఎన్నిసార్లు బాయి దిగి ఎక్కిందో
ఇప్పుడు ఒక కొన చెక్కకు, ఒక కొన నా చీలమండకు.

ఆదివారం ప్లే డే.
వస్తే రెండింతల మస్టరు.
"రవళీ, రావా?" అని ఫోన్ల ముక్తార్ సారు.
కడుపునొప్పి సార్, అన్న.
అబద్ధం గూడ కాదు,
ఆ నీళ్ళ సప్పుడు ఇన్నప్పుడు
కడుపుల ఏదో మెలివెడ్తది.

ఒడ్డున రెండు బర్లు, ఒక కొంగ.
ఇసుక ట్రాక్టర్లు ఇయాల రావు.
పక్క సుడిల నుంచి మెల్లగ జరిగి
వాగు దిక్కు మొకం వెట్టి
చెక్క మీద బోర్ల పడుకుంట.
సముద్రంల నీళ్ళు ఆడనే ఉంటయి, అల నడుస్తది.
ఈడ అల ఆడనే ఉంటది,
నీళ్ళు నడిచిపోతయి నా కింది నుంచి —
మీది పొలాల యూరియా,
ఎవరో పిండిన చీర రంగు,
తెగిన చెప్పొకటి,
నిన్న రాత్రి ఎక్కడో పడ్డ వాన.
నేను ఎటూ పోతలేను.
అయినా ఇంత ఉరుకుడు ఎన్నడూ ఉరకలే.

పద్నాలుగు సార్లు పడ్డ.
ముక్కులకు నీళ్ళు, మోచేతికి బండ గీరుడు,
బర్రె ఒకటి తలకాయ లేపి
మల్ల మేతల పడ్డది.
పదిహేనోసారి
మోకాళ్ళ మీదికి, మోకాళ్ళ మీది నుంచి —
ఎట్ల లేచిన్నో అడుగకుండ్రి,
లేచిన.

చేపలు లెక్కవెట్టినట్టు
ఓదెలు మామ గట్టిగ లెక్కవెట్టిండు ఒడ్డు మీద.
తొమ్మిది, పది, పదకొండు...
అంతల బీడీ ముట్టిచ్చుకుంట మర్చిపోయిండు.
పన్నెండు, పదమూడు, ఇంకెన్నో
నేను నిలవడే ఉన్న
ఎవరి లెక్కల లేకుంట.
నాయిన పోయి ఆయన కొలువుల చేరిన్నాటి సంది
నేను టోకెన్ నంబర్ల నడుమ బతికినదాన్ని.
ఆ కొన్ని క్షణాలు ఏ రిజిస్టర్ల రాయాలె?

దిగువ బ్యారేజీ గేట్లు దించిన్నాడు
నీళ్ళు ఎనుకకు ఎనుకకు జరుగుకుంట వచ్చి
అల మీద దుప్పటి కప్పుతయి.
పోయినేడు తొమ్మిది రోజులే దొరికింది.
గేట్లు దించేటోనికి
దీని సంగతి తెల్వది. చెప్తే నవ్వుతడు.
చెక్కను ఓదెలు మామ కొట్టంల
వలల కింద బోర్లిచ్చి వస్త.
"రేపు ఉంటదా మామా?"
"రేపు నీకు డ్యూటీ లేదా?"

సోమవారం, మొదటి షిఫ్టు, చీకటి పోలే.
కిటికీల నుంచి ఒక్కొక్క దీపం ఇస్తున్న.
కింద బొగ్గు కాడికి పోయేటోళ్ళ చేతులు,
నిద్ర మొకాలు.
తల వంచి నంబరు రాస్తుంటే
ఎడమ చెవుల నుంచి
వెచ్చగ, నిన్నటి వాగు
ఒక చుక్కంత జారి
నాలుగు వందల పదిహేడు మీద పడి
అలుక్కపోయింది.
"ఏందక్కా, ఏడుస్తున్నవా?" అన్నడు ఆ పిలగాడు
దీపం టోపీకి తగిలిచ్చుకుంట.
లేదు తమ్మీ,
చెవు కారుతుంది,
పో.