తొమ్మిదో గడి

రాయగడ నుంచి ఉత్తరం వచ్చింది, ఒడియాలో.
మడత విప్పకుండానే పోలినాయుడు మావ
నా జిరాక్సు కొట్టు బల్ల మీద పెట్టాడు.
"సదువమ్మా."

గుణుపురంలో పుట్టి యాభై రెండేళ్లు.
ఒడియాలో బేరమాడతాడు, తిడతాడు,
సవరలో మేకని కూడా పిలుస్తాడు,
అక్షరాలు మాత్రం తెలుగువే,
అవీ మూడో తరగతి దాకా.

చదువుతూ ఒక మాట దగ్గర ఆగాను.
"బాతిల."
"బాతేటి?" అన్నాడు.

బాతు కాదు మావా.
నీ వైర్‌మేన్ లైసెన్సు. రద్దు.
దరఖాస్తు అసంపూర్ణం,
తొమ్మిదో గడిలో అడిగిన పత్రం జతపరచలేదు,
ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు,
కింద ఎవరిదో గుండ్రటి సంతకం, తేనెపట్టులా.

మూడేళ్ల కిందట ఆ దరఖాస్తు నింపింది నేనే.
ముప్పై రూపాయలు తీసుకున్నాను,
స్కానింగుకి వేరే పది.
తొమ్మిదో గడి పక్కన ఎర్ర చుక్క:
పని నేర్పిన వారి సంతకంతో అనుభవ పత్రం.
"జగ్గారావు గురువు దగ్గర నేర్సుకున్నాను" అన్నాడు.
అయితే ఆయన చేత రాయించుకు రా అన్నాను.
మావ గుమ్మం బయటికి చూశాడు.

తుపాను దాటిన మూడో రోజు
ఆస్పత్రి లైను కలపడానికి స్తంభమెక్కాడు జగ్గారావు.
సప్లై ఆపేశామని కింద నుంచి ఎవరో అరిచారు.
అవతలి వీధిలో ఎవరో
పెళ్లింటి జనరేటరు తిప్పారు.
దించింది మావే.
నడుముకున్న తాడు ముడి రాలేదట, కోసేశాడట.
ఆయన కటింగ్ ప్లేయరు ఇప్పటికీ మావ సంచిలో ఉంది,
పిడికి చుట్టిన సైకిలు ట్యూబు ఒక పక్క కరిగి.
"ఇదెక్కదా అందులోకి?" అని అడిగాడు ఆ రోజు.
కాగితమే కావాలి మావా అన్నాను.

గడి ఖాళీగా ఉంటే పేజీ కదలదు.
బయట పదిమంది వరసలో ఉన్నారు, మధ్యాహ్నం ఎండ.
రేషన్ కార్డునే రెండోసారి ఎక్కించాను.
పచ్చ టిక్కు పడింది.
మూడేళ్లు ఎవరూ తెరిచి చూడలేదు.

ఈ మూడేళ్లలోనే కదా
కాలేజీ హాస్టలు మెట్ల మీదికి వెలుగొచ్చింది,
వంశధార గట్టున చెరకు తోటకి పంపు తిరిగింది,
మా అమ్మ ఊపిరి మిషనుకి
అర్ధరాత్రి విడిగా లైను లాగి
టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.
రేషన్ కార్డు సంగతి మావకి చెప్పలేదు.
ఉత్తరం చదివిన రోజూ చెప్పలేదు.
ఇక్కడ రాస్తున్నాను, తెలుగులోనే,
కూడబలుక్కుని చదివితే చదవనీ.

అప్పీలు నింపుతున్నాం.
ఎనిమిదో గడి దాటుతుండగా కరెంటు పోయింది.
పక్క టైలరు కొట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది,
అంటే ఫ్యూజు మాదే.
మావ చటుక్కున లేచాడు.
లేచినవాడు గుమ్మంలోనే ఆగి
రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.
"నేను ముట్టకూడదు కదేటి."

"మెయిను దించు.
దించేవా?
ఎవులో దించేరంటే నమ్మకు, నువ్వే సూడు.
మళ్లీ సూడు.
కాళ్లకి సెప్పులున్నాయా?
ఎడమ సెయ్యి గోడకి ఆన్చకు.
పోగు ఒక్కటే సుట్టు, రెండొద్దు,
రెండు సుడితే ఫ్యూజు బతుకుతాది,
ఇల్లు కాలతాది."

నా వేళ్లు వణుకుతున్నాయి.
ఆయన గొంతు వణకలేదు,
అది పూర్తిగా ఆయన గొంతు కూడా కాదు,
ఎక్కడో పైనుంచి
కిందున్న కుర్రాడికి చెబుతున్నట్టుంది.

దీపం వచ్చింది.
కంప్యూటరు తెరుచుకుంది, దరఖాస్తు మొత్తం చెరిగిపోయి.
జేబులోంచి నలిగిన మూడు పదులు తీసి
బల్ల మీద సాపు చేస్తున్నాడు మావ.
వద్దంటే వినడు.

దరఖాస్తుదారు పేరు, అని అడుగుతోంది తెర.
లండ పోలినాయుడు, అని కొట్టాను.
తండ్రి పేరు.
గ్రామం.
తొమ్మిదో గడి ఇంకా కింద ఉంది.