ఆఖరి పడవ ఐదున్నరకి

అగ్నినక్షత్రం మూడోరోజు.
పురసవాకంలో మా మేడమీది గదిలో
ఫ్యాను ఉన్న వేడినే తిప్పి తిప్పి వడ్డిస్తోంది.
చాపమీద క్రీటు ద్వీపం పరిచాం,
నాలుగు కాగితాలు సెల్లోటేపుతో అతికించి.
అతుకు సరిగ్గా ఓ కొండ నడుమ పడింది.
ద్వీపం సన్నగా, పొడుగ్గా,
నమిలి పక్కన పెట్టిన ములక్కాడ ముక్కలా ఉంది.

హైమవతికి కొండ కావాలి.
పేరు పెట్టిననాడే పుట్టిల్లు ఖాయమైందంటుంది.
మే నెలలో కూడా అక్కడ శిఖరాల మీద మంచుంటుందట.
ఆ మాట చెబుతూ మజ్జిగ గ్లాసు చెంపకి ఆనించుకుంది.

నాకు సముద్రం కావాలి.
"సముద్రానికి ఆరువేల కిలోమీటర్లా?
ఇరవైతొమ్మిది-సి ఎక్కితే
బీసెంట్ నగర్‌లో దింపుతాడు కదే!"

నిజమే.
యాభైమూడేళ్ళుగా పక్కనే ఉన్న సముద్రం
నాకు మోకాలిదాకానే తెలుసు.
ఓ పిడికిట్లో కుచ్చెళ్ళు, రెండో చేతిలో చెప్పులు,
"ఇంక చాలు, రా" అని
వెనకనుంచి ఎవరో ఒకరు పిలిచేదాకా.
మనది లాగే సముద్రం.
పాదాల కింది ఇసుకని
బాకీ వసూలుకొచ్చినట్టు లాక్కుపోతుంది.
అక్కడిది అలా కాదట.
లోపలికి నడిచినకొద్దీ
నీ కాళ్ళు నీకే కనిపిస్తూ ఉంటాయట.

నాకు నా కాళ్ళు చూడాలని ఉంది.

రెండు శనివారాలు మాటల్లేవు.
మూడో శనివారం చెప్పులైనా విప్పకుండా వచ్చి
మ్యాపుమీద వేలితో ఓ గీత గీసింది హైమ.
కొండనెత్తిన మొదలై
రాతిసందులోంచి పదహారు కిలోమీటర్లు దిగి
తిన్నగా నీళ్ళలో తేలే దారి.
చివర ఓ చిన్న ఊరు. ఊరికి రోడ్డు లేదు, పడవే.
"చూశావా, నీదాంట్లోకి
నాదాంట్లోంచే పోవాలి" అంది.

అప్పట్నుంచి తను ఆదివారాలు పరంగిమల మెట్లమీద.
ఎక్కడం కాదు, దిగడం సాధన.
దిగేటప్పుడే మోకాళ్ళు మనసులో మాట చెబుతాయట.
నేను ఆడవాళ్ళ బ్యాచిలో, ఏడున్నరకి,
క్లోరిన్ వాసనలో.
సెల్వి అని ఇరవైరెండేళ్ళ పిల్ల నేర్పుతుంది.
"గోడ వదలండి ఆంటీ. గోడ ఎక్కడికీ పోదు."
పోదని తెలుసు. అదే కదా.

లోకనాయకి అక్క చీటీ పదకొండో నెలలో పాడాను.
నష్టానికే పాడాను.
మా ఆయన పోపు నేర్చుకుంటున్నాడు,
ఆవాలు చిటపటమన్నప్పుడల్లా వంటింటి గుమ్మం దాటొస్తున్నాడు.
వీసా ఫోటోకి చెవులు కనపడాలన్నారు.
ముప్పైఏళ్ళుగా ఎవరూ అడగని చెవులు
జుట్టు వెనక్కి దువ్వి చూపించాను.
ఫారంలో ఓ ప్రశ్న:
తోడు వచ్చేవారితో మీకు బంధుత్వం?
స్నేహితురాలు అని రాశాను.
గడి చిన్నది. అక్షరాలు బయటికొచ్చాయి.

నిన్న సాయంత్రం మెరీనాకి వెళ్ళి చెప్పాలనుకున్నాను,
ఇన్నాళ్ళ పరిచయం కదా.
దానికి వీపు పెడితేగానీ
నేను పోవాల్సిన దిక్కు ఎదురురాదు.
పడమటికి తిరిగి కాసేపు నిలబడ్డాను.
లైట్లు, బస్సులు, సుండల్ అమ్మే కుర్రాడు.
వెనకనుంచి ఓ అల వచ్చి
మడమలు తడిపి పోయింది.
ఎవరూ పిలవలేదు.

రాత్రి పదకొండింటికి హైమ ఫోను.
"ఆ ఊర్లో ఆఖరి పడవ ఐదున్నరకట.
నా మోకాళ్ళతో పదహారు కిలోమీటర్లు...
పడవ తప్పిపోతే?"

ఇక్కడ కరెంటు పోయింది.
ఫ్యాను నెమ్మదిగా ఆగడం వింటూ అన్నాను:

"పోతే పోనీవే.
మనమూ తప్పిపోదాం."